ఉప్పు పట్టి చేసిన ప్రమాణం, నేను తీసిన వీడియో

మార్చి నాలుగు, బుధవారం, ఉదయం.

హాజరైనవారు: ఉప్పు కుప్పలు పోసే కొఠారు గట్టు మీద ఉప్పు కూలీలు, ఆడా మగా, చంకల్లో పిల్లలతో సహా అందరూ. వాళ్లకు ముందు నిలబడ్డ మనిషి, నలభై దాటిన ఆడమనిషి. సైకిళ్ల మీద ఒక కాలు నేలకానించి చూస్తున్న ఊరి కుర్రాళ్లు. ఉప్పుమడుల లీజుదారు, అంటే నా బావమరిది, రాలేదు. అతని గుమస్తా వచ్చాడు. నేను, నా ఫోను.

డైరీ రాయడం నాకు రైల్వేలో గార్డుగా చేరిన నాటి అలవాటు. తేదీ, వారం, ఎవరెవరున్నారు, ఏం జరిగింది. ఈమధ్య చెయ్యి వణకడం మొదలయ్యాక నా రాత నాకే తెలియడం లేదు. అందుకని ఫోనుని చిన్న స్టాండుకి తగిలించి, రాయాల్సింది వీడియోలో చెప్పుకుంటున్నాను. సాయంత్రం గట్టు మీద నడకకి వెళ్లినప్పుడు మడుల్నీ, కొంగల్నీ, దూరంగా పోయే గూడ్సునీ కూడా తీస్తుంటాను. ఊళ్లో దీనికి నన్ను వెక్కిరించని వాళ్లు లేరు.

నేనీ ఊరివాణ్ణి కాను. నా ఉద్యోగం ఎక్కువగా కొత్తవలస లైన్లో గడిచింది. రిటైరయ్యాక నా భార్య పుట్టిల్లున్న ఈ ఊళ్లో, ఆమెకి వచ్చిన ఇంట్లో ఉంటున్నాం. వాళ్లది తరాలుగా ఉప్పు వ్యాపారం.

ఆ కూలీల సంగతి ఇది. వాళ్ల పెద్దలు ఒడిశాలో పర్లాకిమిడి అవతలి కొండల నుంచి చిన్న రైలెక్కి నౌపడలో దిగి ఉప్పు పనికి వచ్చారు. పిలిపించింది మా మామగారే. పని అయ్యాక వాళ్లు తిరిగి వెళ్లలేదు. ఆయనా వెళ్లమనలేదు. మరుసటి ఏడాది మళ్లీ కావాలి కదా. గట్టు పక్కన తాటాకు పాకలేసుకున్నారు, పిల్లలు ఆ పాకల్లోనే పుట్టారు. ఆసుపత్రి ముఖం చూడని పుట్టుకలు కాబట్టి కాగితం లేదు. ఒడిశాలో అడిగితే మీరు ఆంధ్రావాళ్లన్నారు, ఇక్కడ అడిగితే మీరు ఒడిశావాళ్లన్నారు. రేషను కార్డు లేదు, ఆధారు లేదు, ఓటు లేదు. ఇన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు నా బావమరిదికి ఈ ఏటి ఉప్పుతో సరిపెట్టి, మడుల్లో రొయ్యల చెరువులు తవ్వించాలని పుట్టింది. పాకలు అడ్డం. ఈ జనం రెండేళ్ల కిందట ఎక్కడి నుంచో వచ్చి దురాక్రమణ చేశారని తహసీల్దారుకి అర్జీ పెట్టాడు.

కూలీలు అడుగుతున్నది ఒకే ఒక్క వాక్యం. విచారణకి వచ్చే అధికారి తన పంచనామాలో ‘ఈ కుటుంబాలు ఇక్కడే నివాసముంటున్నాయి’ అని రాయాలి. అది రాస్తే, పాకలు తీసే ముందు వేరే చోటు చూపించక తప్పదనీ, దాన్ని పట్టుకుని కార్డులు అడగవచ్చనీ పట్నంలో ఒక ప్లీడరు వాళ్లకి చెప్పాడట. రాయకపోతే పొక్లెయిన్ వస్తుంది. వాళ్ల వెనక పార్టీ లేదు, యూనియన్ లేదు. ఓట్లు లేని వాళ్ల పాకలకి ఎవరూ జెండా కట్టరు. మడుల్లో ఉప్పు పేరుకుని, గట్టు మీదికి లాగడానికి సిద్ధమైన వారం చూసుకుని, వాళ్లలో వాళ్లే అనుకుని పని మాని కూర్చున్నారు.

ముందురోజు సాయంత్రం, వాళ్లకి పెద్దగా ఉన్న ఆ మనిషి మా ఇంటికొచ్చింది. అరుగు ఎక్కలేదు, నేను ఎక్కమనలేదు. ఊళ్లో అందరూ నన్ను గార్డు బాబు అనే పిలుస్తారు. ఆవిడ పిలిస్తే మాత్రం తిట్టినట్టుంటుంది.

“గార్డు బాబూ, కొంగల్ని తీస్తన్నావు, గూడ్సుల్ని తీస్తన్నావు. రేపు మమ్మల్ని తియ్యి.”

మీ కుర్రాళ్ల దగ్గరా ఫోన్లున్నాయి కదా, నేనెందుకన్నాను.

“మా పెమానం సూడ్డానికి పరాయోడు ఉండాల. అవతలోడి సుట్టమైతే మరీ మంచిది. మా పచ్చంగా అబద్దం ఆడినావని రేపు ఎవుడూ అనడు. నీ మీద నమ్మకం ఉండి పిలవడం నేదు.”

లోపల నుంచి నా భార్య అంతా వింది. ఆ మనిషి వెళ్లాక బయటికొచ్చి, “ఎల్లండి. మా తమ్ముడి మొహమ్మీద వీడియో తీసి రండి. అన్నం కూడా ఆళ్ల పాకలోనే తినీసి రండి” అంది.

నాకు ఆ కూలీల మీద ప్రేమ పొంగిందని ఎవరూ అనుకోవద్దు. వాళ్ల మేకలు నా పెరట్లో బచ్చలి తింటే నేను కర్రెత్తిన రోజులున్నాయి. నా బావమరిది అర్జీలో రాసిన రెండేళ్లన్న మాట నాకు రుచించలేదు. మామగారి కాలంలో నేను అల్లుడిగా ఈ ఊరొచ్చినప్పుడు చూసిన పాకలవి. అందుకని వెళ్లాను.

వాళ్ల ప్రమాణం ఇలా ఉంటుంది. ఒక్కొక్కరూ వచ్చి గట్టు మీది కుప్పలోంచి గుప్పెడు ఉప్పు తీసుకోవాలి. ముందు తల్లిని తలచుకోవాలి. అంటే వాళ్ల వంశపు అమ్మవారిని, ఆమె ఏ ఊళ్లో కొలువుందో ఆ ఊరి పేరుతో సహా పిలిచి, ‘ఆ తల్లి బిడ్డని’ అనాలి. తర్వాత మాట ఇవ్వాలి. పాక వదలను, ఖాళీ చేస్తామని లీజు బాబు రాయించే కాగితం మీద వేలిముద్ర వెయ్యను, నా వాళ్లని విడిచి ఒక్కణ్ణీ పనిలోకి దిగను. మాట తప్పితే ఇలాగే కరిగిపోతానని చెప్పి ఉప్పుని కాలవలోకి విసరాలి. ఆ అమ్మవార్లందరివీ కొండల అవతలి ఊళ్లు. ఆ ఊళ్లు వాళ్లలో ముసలివాళ్లు తప్ప ఎవరూ చూడలేదు. అయినా ముక్కు తుడుచుకోవడం రాని పిల్లలకి కూడా ఆ పేర్లు నోటికొచ్చు.

సైకిళ్ల మీది కుర్రాళ్లు ఊరుకోలేదు. “ఒరే, గార్డు తాత సీరియల్ తీస్తన్నాడ్రా. ఈరోయిన్ ఎవుర్తిరా?” అన్నాడొకడు. తక్కినవాళ్లు బెల్లులు కొట్టారు.

ఆవిడ తల తిప్పకుండానే జవాబిచ్చింది. “పొద్దున్న మీయమ్మ ఏసిన కూరలో ఉప్పు మాదేరా. ముందది ఉమ్మీసి నవ్వండి.”

అంతా అయ్యాక, ఆ వీడియో వాళ్ల కుర్రాళ్ల ఫోన్లకి పంపమంది. తీసుకున్న మాట రోజూ కళ్ల ముందుంటే ఎవరూ వెనక్కి తగ్గరని ఆమె లెక్క. పంపాను. మధ్యాహ్నానికి కుర్రాళ్లు స్టేటస్‌లలో పెట్టుకున్నారు. చీకటి పడేసరికి ఊరంతా చూసింది.

మర్నాడు నా బావమరిది వచ్చాడు. సరాసరి నా కుర్చీలో కూర్చుని, ఫోను తీసి, నేను తీసిందే నాకు చూపించాడు.

“బావా, నీకు దండం పెట్టాల. ఏ లాయరూ ఇంత పని సెయ్యలేడు. ఏ ఊరి బిడ్డలో, ఏ రాష్ట్రంవోళ్లో ఆళ్ల నోటితో ఆళ్లే సెప్పీసారు. తారీకు నువ్వే సెప్పినావు, ఎవురెవురున్నారో నువ్వే సదివినావు.”

అప్పటిదాకా నాకది తట్టలేదు. ప్రమాణం చేసినవాళ్లకీ తట్టలేదు. తల్లి పేరు ఎత్తకుండా మాట ఇవ్వడం వాళ్లెరగరు. ఆ తల్లి ఊరు రాష్ట్రం గీతకి అవతలుందన్న సంగతి ఆ సమయంలో ఎవరి బుర్రలోనూ లేదు.

కోపమొచ్చింది. మా ఇలవేల్పు రామతీర్థం పక్క ఊళ్లో ఉందనీ, మా ఇంట్లో ఏ పెళ్లయినా మొదటి పసుపుబట్ట అక్కడికే పంపుతామనీ, మా ముత్తాత తర్వాత ఆ ఊళ్లో మావాళ్లెవరూ కాపురం లేరనీ చెప్పాను. అంతమాత్రాన నన్ను అక్కడికి పొమ్మంటావా అని అడిగాను.

“నీకు కార్డున్నాది కదా బావా” అన్నాడు.

నా భార్య కాఫీ తెచ్చి తమ్ముడికిచ్చింది. నాకు తేలేదు.

సాయంత్రం గట్టు మీదికి వెళ్లి సంగతి చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో కానీ, వాళ్లకి రేపు ఆఫీసులో తెలిసేకన్నా నా నోట తెలియడం మేలనుకున్నాను. ఒక కుర్రాడు లేచి, నేను కావాలనే తీశానన్నాడు. బావకోసం బావమరిది, బావమరిదికోసం బావ, అందరూ ఒకటేనన్నాడు. నా చేతిలోని స్టాండు లాక్కుని మడిలోకి విసిరేశాడు. ఫోను నా జేబులో ఉండబట్టి బతికింది.

ఆవిడ వాణ్ణి ఒక్క మాటతో కూర్చోబెట్టింది. “పిలిసింది నాను. తిడితే నన్ను తిట్టు.” నా వైపు తిరిగి, “నువ్వు మాత్రం ఏటి సదూకున్నావు?” అంది.

మళ్లీ వీడియో తీద్దామని కొందరన్నారు. ఈసారి అమ్మవారి ఊసు ఎత్తకుండా, మేం ఇక్కడివాళ్లమే అని మాత్రం చెప్పి ప్రమాణం చేద్దామన్నారు. నాకూ అది సబబుగానే తోచింది. ఫోను తీశాను కూడా. వాళ్లలో అందరికన్నా ముసలామె ఒప్పుకోలేదు. తల్లిని పిలవని ప్రమాణానికి కట్టు ఉండదనీ, అలా చేసినవాడు సాయంత్రానికే వెళ్లి లీజుదారు కాగితం మీద వేలు పెడతాడనీ అంది. వాదన చాలాసేపు సాగింది. వాళ్లు ఒరియాలో తిట్టుకున్నారు, తెలుగులో సర్దుకున్నారు.

చివరికి నన్ను పిలిచిన ఆవిడే తేల్చింది. “తల్లిని దాసుకుని ఏటి అడుగుతాం? ఉన్నది ఉన్నట్టే సెప్తాం. ఫోను నోపల ఎట్టు గార్డు బాబూ.”

సోమవారం మండలాఫీసులో విచారణ జరిగింది. తహసీల్దారు చిన్నవాడు. నా జేబులోంచి ఫోను అంచు కనిపించగానే, ఇక్కడ వీడియోలు తియ్యకూడదని ముందే చెప్పాడు. ఆ మాట అంటూనే నా బావమరిది ఫోను బల్ల మీద పెట్టించుకుని నా వీడియో మొదటినుంచీ చూశాడు. నా గొంతు ఆ గదిలో తేదీ చెబుతుంటే నాకే పరాయిగా వినిపించింది.

నా దగ్గర ఏడాదిగా తీసినవి ఇంకా ఉన్నాయని చెప్పాను. వానల్లో ఆ పాకలు, బడికి పోతున్న పిల్లలు, ఉప్పు మోస్తున్న ఇదే మనుషులు. అవీ చూడమన్నాను.

“అవి మీ సొంత వీడియోలు పెద్దాయనా, సాక్ష్యం కావు” అన్నాడు.

“ఇదీ నేను తీసిందే.”

“దీన్ని అర్జీదారు దాఖలు చేశారు.”

నా బావమరిది గుమస్తా చేత్తో నోరు మూసుకుని నవ్వాడు. తహసీల్దారు ఆవిణ్ణి ముందుకి పిలిచి, నువ్వు ఒడిశాదానివా కాదా, ఒక్క ముక్కలో చెప్పమన్నాడు.

“మా అమ్మోరు అక్కడిది బాబూ. నాను గట్టుదాన్ని.”

“గట్టు అనే ఊరు నా రికార్డులో లేదు” అన్నాడతను.

“గట్టున్నాది కదా. మీ జీపు దాని మీంచే వస్తాది.”

అతనికి ఆ మాట నచ్చలేదు. కాగితాలు సర్దుకుంటూ తన నిర్ణయం చెప్పాడు. రేపు ఉదయం రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గట్టుకి వస్తాడు. వీళ్లతో చుట్టరికం లేని స్థానికులు ఇద్దరు, వీళ్లు చాలాకాలంగా ఇక్కడే ఉంటున్నారని సంతకం పెడితే పంచనామాలో అలాగే రాస్తాడు. పెట్టకపోతే వీడియోలో వాళ్లు చెప్పుకున్నదే ఆధారం.

ఒక సంతకం నాది. రెండోదాని కోసం ఆ సాయంత్రం ఆవిడ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగింది. కొన్ని ఇళ్లకి నేనూ వెనక వెళ్లాను. కిరాణా కొట్టాయన మమ్మల్ని చూసి దీపాలు పెట్టే వేళకే షట్టరు దించాడు. బడి మేష్టారు తాను గవర్నమెంటు ఉద్యోగినన్నాడు. రోజూ నాతో గట్టు మీద నడిచే స్నేహితుడు నన్ను పక్కకి తీసుకెళ్లి, మీ బావమరిదితో మాకు పనులుంటాయి గార్డుగారూ, మీకేం పోయింది, పెన్షను వస్తుంది అన్నాడు. ఒకావిడ గుమ్మంలోంచే, “ఇన్నాళ్లూ బాగానే ఉన్నారు కదే, ఇప్పుడేటి ఈ కార్డుల యావ?” అని కసిరింది. ఆ కసిరినావిడ ఇంటి చావిడికి మట్టి మోసింది ఈవిడేనట. ఆ సంగతి వీధి మలుపు తిరిగాక, నన్ను చూడకుండా చెప్పింది.

రాత్రి అన్నం దగ్గర నా భార్య మజ్జిగ పోస్తూ, “అర్జీలో ఆళ్లెప్పుడొచ్చారని రాసాడు?” అని అడిగింది.

రెండేళ్ల కిందటని చెప్పాను.

“రెండేళ్లా” అంది. అంతే.

నేను చెయ్యి కడుక్కుంటుండగా తమ్ముడు ఫోను చేశాడు. అతని గొంతు ఎప్పుడూ వీధిలోకి వినపడుతుంది. “అక్కా, రేపు పొద్దున్న బావని ఇంట్లోంచి కదలనీకు” అన్నాడు. ఆమె విన్నానని చెప్పి పెట్టేసింది. నన్ను కదలొద్దని అనలేదు, కదలమనీ అనలేదు.

మర్నాడు ఉదయం నేను వెళ్లేసరికి పొక్లెయిన్ రోడ్డు చివర అప్పటికే వచ్చి నిలబడి ఉంది. నా బావమరిది, అతని వెంట ఊళ్లో పెద్దమనుషులు. పాకల ముందు ఎవరి గుమ్మం దగ్గర వాళ్లు కూలీలు. ఇన్‌స్పెక్టరు స్కూటరు సీటు మీద కాగితం పెట్టుకుని సాక్షులెవరని అడిగాడు. నేను వెళ్లి సంతకం పెట్టాను. అక్షరాలు గీత దాటి పోయాయి. అతను దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, సరే, రెండో మనిషి అన్నాడు.

ఎవరూ కదల్లేదు. పెద్దమనుషుల్లో ఒకాయన సెల్లు చూసుకుంటున్నాడు.

“రాసీండి సార్. ఇంకెవురూ నేరు” అన్నాడు నా బావమరిది.

అప్పుడు నా భార్య వచ్చింది. ఎండకి గొడుగేసుకుని, చెప్పులు గట్టు మట్టిలో కూరుకుంటుంటే విసుక్కుంటూ వచ్చింది. వాళ్ల నాన్న పోయాక ఆమె ఆ గట్టెక్కడం నేను చూడలేదు. ఎవరి వైపూ చూడకుండా ఇన్‌స్పెక్టరు దగ్గరికెళ్లి, ఎక్కడ పెట్టాలని అడిగింది.

ఇన్‌స్పెక్టరు తటపటాయించాడు. ఒకే ఇంటి మొగుడూ పెళ్లాలు ఇద్దరు సాక్షులెలా అవుతారమ్మా అన్నాడు.

“ఆయన కొత్తవలస నుంచొచ్చి మా ఇంట్లో ఉంటన్నారు. పరాయోరంటే ఆయన్నే అనాల. నేనిక్కడ పుట్టేను. మీ ఆర్డర్లో ఇద్దరు మనుషులని ఉందా, రెండు ఇళ్లని ఉందా?”

అతను ఆర్డరు తీసి మళ్లీ చదువుకున్నాడు. చదివి, పెన్ను ఆమె చేతికిచ్చాడు.

“అక్కా” అన్నాడు నా బావమరిది.

ఆమె సంతకం పూర్తిచేసి తమ్ముడి వైపు తిరిగింది. “నాన్న వీళ్లని చిన్న రైల్లో రప్పించినప్పుడు ఆయన చెయ్యట్టుకుని స్టేషనుకి ఎల్లేను నేను. నువ్వప్పటికి పుట్టలేదు. రెండేళ్లని ఎవరికి చెప్తావురా?”

“ఇంక నా గుమ్మం తొక్కొద్దు నువ్వు.”

“తొక్కను.”

కూలీలకి పెద్దయిన ఆవిడ ఒక అడుగు ముందుకేసింది. నా భార్య ఆమెను అక్కడే ఆపేసింది. “నా మొహం ఏటి చూస్తావు? నీకోసం రాలేదు నేను” అని గొడుగు తిప్పుకుని ఇంటి దారి పట్టింది.

ఇన్‌స్పెక్టరు ఆ వాక్యం రాసి, పైకి చదివాడు. ఆవిడ మళ్లీ చదవమంది. మళ్లీ చదివాడు. అప్పుడామె తన వాళ్ల వైపు తిరిగి ఒరియాలో ఏదో అంది. వాళ్లు పాకల చూరుల్లోంచి ఉప్పు లాగడానికి పలక కట్టిన పొడవాటి కర్రలు దించుకుని మడుల్లోకి దిగారు. ఉప్పు ఇంకా నా బావమరిదిదే. ఒక్కొక్కరూ అతని ముందునుంచే వెళ్లారు. ఒక్కరూ తల వంచలేదు, అతనూ దారి ఇవ్వలేదు, వాళ్లే అతని చుట్టూ తిరిగి వెళ్లారు.

నేను ఫోను పట్టుకుని గట్టు మధ్యలో నిలబడి ఉన్నాను. “అది కట్టీసి పక్కకి జరుగు గార్డు బాబూ. ఉప్పు లాగాల, దారికడ్డంగా ఉన్నావు” అంది ఆవిడ.

జరిగాను. రోడ్డు చివర పొక్లెయిన్ డ్రైవరు ఇంజను ఆపకుండానే కిందికి దిగి, ఉండమంటారా, ఎల్లిపోమంటారా అని నా బావమరిదిని అడుగుతున్నాడు.